మూడో జత మేజోళ్లు

వాల్ సెంతాన్,
ఫిబ్రవరి 11, 1973

అమ్మా ఫెర్నాండ్,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. ఆలస్యానికి నన్ను తిట్టుకోకు, మీ పెదనాన్నని తిట్టుకో. మంచులో జారి మోకాలు వాచి కుర్చీలో కూలబడ్డాడు. కూర్చున్నవాడు ఊరుకుంటాడా? టీ అంటాడు, పేపరంటాడు, కిటికీ తెర కాస్త పక్కకి లాగమంటాడు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఈ మనిషి నోట ఇన్ని మాటలు నేను వినలేదు.

అసలు కబురు ఇది. మీ లీజ్ పెళ్ళి జూన్ ఇరవై మూడున ఖాయమైంది. చర్చి హాలు దొరికింది, ఫిడేలు వాయించే వాళ్ళు కూడా దొరికారు. నీ చెల్లెలి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. మీ అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో.

ఇక నువ్వు వద్దనుకున్నా నేను రాయక తప్పని మాట. చిన్నది ముందు పెళ్ళాడుతోంది కాబట్టి పెద్దది మేజోళ్ల డాన్సు చెయ్యాలి. నీ తమ్ముడు మార్సెల్ పెళ్ళికి నీకు ఆకుపచ్చవి అల్లాను. రెండో తమ్ముడు రోలాండ్ పెళ్ళికి పసుపువి. ఈసారి ఎరుపూ నారింజా చారలు, మోకాలి దాకా, కొసన ఉన్ని బంతులు. ఒక కాలిది సగమైంది. సూదులు పట్టుకున్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోంది. బూట్లు విప్పేసి, ఆ రంగులు తొడుక్కుని నలుగురి మధ్య ఒంటరిగా గెంతడం ఇరవై రెండేళ్ళ పిల్లకి సరదాగా ఉంటుంది. ముప్పై ఒకటికి ఏం సరదా? నాకు తెలుసు. మీ అమ్మ నాకంటే చిన్నది, ముందు పెళ్ళి దానిదే. ఆ రోజు గెంతింది నేను. నాలుగు నెలలు తిరక్కుండా మీ పెదనాన్నని చేసుకున్నాను. అడిగిన మొదటివాడు. రెండోవాడి కోసం ఆగే గుండె నాకు లేకపోయింది.

నీకా బాధ లేదు కదా, వేలికి ఉంగరం ఉంటే కాలికి మేజోడు అక్కర్లేదని మన ఇంటి పద్ధతి. నోర్బెర్ క్రిస్మస్‌కి ఉంగరం తొడిగాడని రాశావు. ఆ తర్వాత రెండు ఉత్తరాల్లో అతని పేరే లేదు, అందుకే సూదులు పట్టాను. వాళ్ళమ్మ లోరెట్ ఆదివారం చర్చి మెట్ల మీద నన్ను పట్టుకుని “మీ పిల్ల ముహూర్తం ఎప్పుడంటుంది?” అని అడిగింది. ఏం చెప్పమంటావు?

మీ పెద్దమ్మ
ఆల్ఫోన్సీన్


సడ్బరీ,
ఫిబ్రవరి 20, 1973

ప్రియమైన పెద్దమ్మా,

కూర్చుని చదువు. ఉంగరం తిరిగి ఇచ్చేశాను.

అతను చెడ్డవాడని కాదు. గనిలో మంచి ఉద్యోగం, తాగడు, ఆదివారం చర్చి మానడు. కానీ “నీ నవ్వు మరీ పెద్దది, పెదాలు మూసుకుని నవ్వు” అంటాడు. హోటల్లో నాకేం కావాలో తనే చెబుతాడు. నేను కొన్న నీలం కోటు చూసి “ఇది అందగత్తెలు వేసుకునే రంగు” అన్నాడు, నవ్వుతూనే. ఇవన్నీ పడ్డాను. గయెతాన్ రెండేళ్ళు నాతో తిరిగి లూసీని చేసుకున్నప్పటి నుంచి నాకు ఏ మాటైనా సరైనదే అనిపిస్తోంది. ఈ కుట్టు దుకాణంలో ఊళ్ళోవాళ్ళ పాంట్లు ఎన్ని పొట్టి చేశానో, ఆరేళ్ళుగా నన్ను నేనూ అంతే పొట్టి చేసుకున్నాను.

మొన్న బుధవారం నేను చేపలు కావాలన్నాను. అతను నా కోసం కోడిమాంసం తెప్పించాడు. నేను మొహం ముడుచుకుంటే “అలగకు ఫెర్నాండ్, నేను కాకపోతే నిన్ను అడిగేవాడెవడు?” అన్నాడు. అనాల్సింది కాదు. ఎందుకంటే అడిగినవాడు ఒకడున్నాడు పెద్దమ్మా. నేను మరీ నవ్వులపాలై ఉన్న రోజున, ఎవరూ చెప్పకుండా, అందరూ చూస్తుండగా ఒకడు నన్ను కోరి వచ్చాడు. అది గుర్తొచ్చింది. అక్కడికక్కడే ఉంగరం తీసి ఉప్పుడబ్బా పక్కన పెట్టి, నా కోటు నేను వేసుకుని బయటికి వచ్చేశాను. నీలం కోటే.

మేజోళ్లు పూర్తి చెయ్యి. మూడోసారి గెంతడానికి నాకేం భయం లేదు. పెదనాన్న మోకాలికి వేడి ఉప్పు కాపడం పెట్టు.

నీ కూతురులాంటి
ఫెర్నాండ్


వాల్ సెంతాన్,
మార్చి 4, 1973

ఫెర్నాండ్ తల్లీ,

నీ ఉత్తరం పైకి చదవడం నాదే పొరపాటు. “ఒకడు నన్ను కోరి వచ్చాడు” దగ్గరికి వచ్చేసరికి లీజ్ నా చేతిలోంచి లాక్కుంది. అంతే, ఇల్లంతా తిరునాళ్ళైంది. “అక్క ఎవరినో దాచిపెట్టింది” అని రోలాండ్‌కి ఫోను చేసింది, రోలాండ్ మార్సెల్‌కి చేశాడు. సాయంత్రానికల్లా పెళ్ళి భోజనాల బల్ల దగ్గర అతనికి కుర్చీ కూడా వేసేశారు, నీ పక్కన, స్తంభానికి ఇవతల.

ఎవరమ్మా అతను? సడ్బరీవాడేనా? మన మతంవాడేనా? ఫ్రెంచి మాట్లాడతాడా, లేక మీ పెదనాన్న పెళ్ళంతా ఇంగ్లీషులో తలూపుతూ కూర్చోవాలా? నోర్బెర్‌ని కాదనేంత గొప్పవాడైతే సంతోషమే. కానీ గాలిలో మేడలు కట్టి చేతిలో ఉన్న గూడు కూల్చుకోకు. లోరెట్ నిన్న నన్ను చూసి పలకరించకుండా వెళ్ళిపోయింది.

పేరైనా రాయి. కుర్చీ మీద చీటీ అంటించాలట.

మీ పెద్దమ్మ
ఆల్ఫోన్సీన్


సడ్బరీ,
మార్చి 15, 1973

ప్రియమైన పెద్దమ్మా,

కుర్చీ తీసేయమను. ఎవరూ లేరు. మీ అందరినీ ఇంత ఆశపెట్టానని తెలియక హాయిగా ఉన్నాను.

నేను రాసింది ఇవోన్ గురించి. కలప లారీ నడిపే ఇవోన్. రోలాండ్ పెళ్ళిలో నా డాన్సు అయిపోయింది, చప్పట్లయిపోయాయి. నేను ఆ పసుపు మేజోళ్లతోనే గోడ పక్కకి వచ్చి, బూట్లు ఎక్కడ విప్పానా అని వెతుక్కుంటున్నాను. గయెతాన్ తన పెళ్ళాంతో ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అప్పుడు ఇవోన్ హాలంతా దాటి వచ్చి చెయ్యి చాపాడు. “బూట్లు వేసుకోనీ” అంటే “ఎందుకు, ఇవి బాగున్నాయి” అన్నాడు. మూడు పాటలకి డాన్సు చేశాం. మూడోదానికి నేను నోరంతా తెరిచి నవ్వుతున్నాను, పెదాలు మూసుకోమని అతను అనలేదు.

మర్నాడు నేను బస్సెక్కేశాను. వస్తాడేమో, ఉత్తరం రాస్తాడేమో అని ఆ చలికాలమంతా అనుకున్నాను. రాలేదు. మరుసటేడు మడ్లెన్ టీచర్‌ని చేసుకున్నాడని లీజ్ రాసింది. నాకు ఏడుపు రాలేదు పెద్దమ్మా. నేను అతని కోసం ఎదురుచూడటం లేదు. నాకు కావలసింది అతను నాకు ఇచ్చేశాడు. గయెతాన్ వద్దన్న మనిషినే ఇంకొకడు కావాలనుకున్నాడు, ఎవరి మొహమాటం లేకుండా. దుకాణంలో అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా నేను పట్టుకునే ఊతకర్ర అదొక్కటే. దాన్ని పట్టుకునే నోర్బెర్ బల్ల మీంచి లేచాను.

క్రిస్మస్‌కి కొత్త తలపిన్నులు పంపావు, వాటికి థాంక్స్ చెప్పానా? చెప్పకపోతే ఇప్పుడు.

నీ కూతురులాంటి
ఫెర్నాండ్


వాల్ సెంతాన్,
మార్చి 26, 1973

ఫెర్నాండ్ తల్లీ,

నాలుగు కాగితాలు రాసి చించేశాను. ఇది ఐదోది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఒక్క సాయంత్రాన్ని పట్టుకుని, నిన్ను చేసుకుంటానంటున్న మనిషిని కాలదన్నుకుంటుంటే నోరు మూసుకుని ఎలా ఉండను?

ఇవోన్‌ని పంపింది నేనే.

రోలాండ్ పెళ్ళి రోజు పొద్దున ఇవోన్ హాలుకి కుర్చీలు తెచ్చాడు. నేను వంటగదిలో ఉన్నాను. అంతకు ముందు మార్సెల్ పెళ్ళిలో, డాన్సు అయ్యాక నువ్వు ఆ గోడకి అతుక్కుని నిలబడ్డ తీరు నా కళ్ళలోంచి పోలేదు. మళ్ళీ అది చూడలేక “ఇవోన్ బాబూ, సాయంత్రం మా పిల్లని ఒక్క వాల్ట్జ్ డాన్సుకి పిలువు, నీకు రెండు తూర్తియేర్‌లు చేసిస్తా” అన్నాను. నా తూర్తియేర్ అంటే, ఆ పంది మాంసం కూరిన రొట్టె అంటే, వాడికి చిన్నప్పటి నుంచి ప్రాణం. నవ్వి సరేనన్నాడు. ఒకటి అప్పుడే నీలం అంచు పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. రెండోది పని అయ్యాక అన్నాను.

మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం రెండోదాని కోసం వచ్చాడు కూడా. నువ్వు పైన పెట్టె సర్దుకుంటున్నావు. ఎక్కడ నీ చెవిన పడుతుందోనని గుమ్మంలోనే చేతిలో పెట్టి పంపేశాను. మర్యాద తెలిసినవాడు, పళ్ళెం కడిగి నిండా బ్లూబెర్రీ పళ్ళు పోసి తెచ్చాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి నీకు పంపిన జామ్ వాటితో చేసిందే.

నీ మేలు కోరే చేశాను. ఇప్పుడు చెబుతున్నదీ అందుకే. లోరెట్‌కి కూడా సంగతంతా వివరించి చెప్పాను, తన కొడుకుకి పోటీ ఎవరూ లేరని, మా పిల్ల ఏదో పాత డాన్సు తలుచుకుని తొందరపడిందని. ఆవిడ మెత్తబడింది. నోర్బెర్ మళ్ళీ వస్తే కాదనకు.

మీ పెద్దమ్మ
ఆల్ఫోన్సీన్


సడ్బరీ,
ఏప్రిల్ 9, 1973

పెద్దమ్మా,

వచ్చాడు. దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉండగానే వచ్చాడు. “రెండు తూర్తియేర్‌లట కదా, నేను ఒక్క ముక్క కూడా అడగలేదు” అన్నాడు. ఉంగరం కుట్టుమిషను మీద పెట్టాడు. నేను తీసి వేసుకున్నాను.

కోపం వస్తుందేమోనని ఒక నిమిషం చూశాను. రాలేదు. నిజమే కదా అనిపించింది.

ఒక్క వాల్ట్జ్‌కే చెప్పానని రాశావు. మూడు చేశాడు. తూర్తియేర్ బాగా కుదిరి ఉంటుంది.

మూడేళ్ళు పెద్దమ్మా. మూడేళ్ళు అద్దం ముందు నిలబడి నేను నవ్వుకున్నదంతా నీ వంటగదిలోంచి వచ్చిందన్నమాట. గయెతాన్ నన్ను వద్దన్నప్పుడు ఊరికి తెలిసింది, నాకు తెలిసింది, మొహాన చెప్పాడు. నువ్వు మాత్రం మూడేళ్ళు నా ఉత్తరాలు చదువుతూ ఊరుకున్నావు. పోనీ నాకు చెప్పావు. లోరెట్‌కి ఎందుకు చెప్పావు?

మేజోళ్లు ఆపెయ్యి. ఇక వాటితో పని లేదు.

ఫెర్నాండ్


వాల్ సెంతాన్,
ఏప్రిల్ 22, ఈస్టర్

ఫెర్నాండ్ తల్లీ,

ఉంగరం వేసుకున్నావని చదివి మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నాను. మిగతాది చదివి లేవలేకపోయాను. లోరెట్ నోట నువ్వు గింజ నానదని నాకు తెలిసి ఉండాల్సింది. తప్పే. కానీ పెళ్ళయి నాలుగేళ్ళు గడిచాక నన్ను మెచ్చుకుంటావు. నేనూ అలాగే అలవాటుపడ్డాను.

మేజోళ్లు అప్పటికే పూర్తయ్యాయి. విప్పడానికి చేతులు రాలేదు. హాలు వంటగదిలో గరిటెల సొరుగులో పడేశాను, వేడి గిన్నెలు పట్టుకోవడానికి పనికొస్తాయి.

మీ పెద్దమ్మ


వాల్ సెంతాన్,
జూన్ 27, 1973

ఫెర్నాండ్,

పెళ్ళి హడావిడి ఇంకా సర్దలేదు, సగం గిన్నెలు ఎవరివో తెలియడం లేదు. అవన్నీ వదిలేసి రాస్తున్నాను. నాకు జవాబు కావాలి.

నోర్బెర్ పక్కన బుద్ధిగా కూర్చుని భోంచేశావు. కేకు కోసే వేళకి బయటికి వెళ్ళావు. గుమ్మం దగ్గర ఇవోన్‌తో మాట్లాడుతున్నావని లీజ్ చెప్పింది, వాడు భుజం మీద పసిదాన్ని జోకొడుతున్నాడట. ఏం మాట్లాడావు? తిరిగొచ్చి నోర్బెర్ కాఫీ సాసర్లో ఉంగరం పెట్టావట. అతను “నలుగురిలో ఏంటీ వేషాలు” అంటే “నలుగురిలో వేసే వేషమే, చూస్తూ ఉండు” అన్నావట. వంటగదిలోకి వచ్చావు. నా మొహం కేసి చూడకుండా సొరుగు లాగి మేజోళ్లు తీసుకుపోయావు.

ఎవరూ పిలవకుండా హాలు మధ్యకి వెళ్ళి గెంతావు. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను. మొదట ఎవరికీ నవ్వాలో మానాలో తెలియలేదు. మీ పెదనాన్న ఒక్కడే చప్పట్లు కొట్టాడు, ఆ మోకాలితో లేచి నిలబడి మరీ. నువ్వు నోరంతా తెరిచి నవ్వుతున్నావు, కళ్ళు మాత్రం నవ్వడం లేదు. పాట అయ్యాక ఎవరి కోసమూ చూడకుండా బూట్లు వేసుకున్నావు. నేను ఈసారి ఎవరినీ పంపలేదు. నీ మీద ఒట్టు.

నోర్బెర్ నిన్ను వదిలేసి కారెక్కి పోయాడు. నువ్వు నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా పొద్దున్నే బస్సెక్కావు. తల్లి లేని పిల్లల్ని నలుగురిని పెంచాను. ఇది నాకు న్యాయమేనా?

మీ పెద్దమ్మ
ఆల్ఫోన్సీన్


సడ్బరీ,
జూలై 8, 1973

పెద్దమ్మా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఇవోన్‌ని నేనే ఆపాను. దెప్పడానికే ఆపాను. “మా పెద్దమ్మ తూర్తియేర్‌లు బాగున్నాయా?” అన్నాను. అతనికి కాసేపు అర్థం కాలేదు. తర్వాత చెవులదాకా ఎర్రబడ్డాడు.

“మొదటిది బాగుంది. రెండోది కుక్కకి పెట్టాను” అన్నాడు.

“అదేం?”

“చూడు ఫెర్నాండ్, మీ పెద్దమ్మ నిన్ను డాన్సుకి పిలవమంటే నాకు నవ్వొచ్చింది. ఎలాగూ పిలుద్దామనుకుంటున్న పిల్లని పిలిస్తే తూర్తియేర్ కూడా ఇస్తానంటోంది. వద్దనడానికి నాకేమైనా పిచ్చా? తీసుకున్నాను. మర్నాడు నీతో మాట్లాడదామని వచ్చాను. పొద్దున్నే రైలు కట్ట వెంబడి పోయి, పళ్ళెం నిండేదాకా బ్లూబెర్రీలు కోశాను. మీ పెద్దమ్మ గుమ్మంలోనే పళ్ళెం లాక్కుంది. ‘నీ పని అయిపోయింది బాబూ, ఇదిగో నీ రెండోది, ఇక మా పిల్ల జోలికి రాకు’ అంది. నువ్వే చెప్పించావనుకున్నాను. నవ్వులాటకి డాన్సు చేసి ఉంటావు, నిజంగా అడిగేంత మనిషిని కాను కాబోలు అనుకున్నాను.”

ఆ తర్వాత ఏడాది పాటు ఏ పిల్లనీ ఏమీ అడగలేదట. మడ్లెనే అతన్ని అడిగిందట. “మంచిది” అన్నాడు. నేనూ “మంచిది” అన్నాను. పాప నా వేలు పట్టుకుంది. నీ పేరు చెప్పి అతన్ని ఎంత ఏడిపించాలనుకున్నానో, చివరికి అతని కళ్ళలోకి చూడలేక లోపలికి వచ్చేశాను. ఉంగరం సంగతి నీకు తెలుసు. నేను ఎవరికీ చవగ్గా రానని నోర్బెర్‌కి చెప్పడానికి నాకు ఇప్పుడు ఏ పాత డాన్సు ఊతా అక్కర్లేకపోయింది.

నువ్వు నా మేలు కోరే చేశావు. అది నిజమని తెలుసు కాబట్టే నిన్ను తిట్టడానికి మాట దొరకడం లేదు. నలుగురిని పెంచావు, నా జడ రోజూ నువ్వే వేశావు. అతన్ని పంపావని కాదు నా బాధ. నన్ను కావాలని తనంతట తాను ఒకడు రాగలడని నీకు ఒక్క క్షణం కూడా తోచలేదు. నీ గుమ్మంలో నిలబడి ఉన్నా తోచలేదు. గయెతాన్ వద్దన్నది ఒక్కసారే పెద్దమ్మా. నువ్వు నన్ను అంతకు ముందే వద్దనుకుని, ఎవరైనా తీసుకుంటే చాలని చూస్తూ కూర్చున్నావు. నిన్ను ఎవరో అలా చూశారు కాబట్టి నన్నూ అలా చూశావు. నాకు జాలి వేస్తోంది, కానీ క్షమించడానికి ఇంకా చేతకావడం లేదు. క్రిస్మస్‌కి రాను. పెదనాన్నకి మాత్రం నా ముద్దులు చెప్పు, ఆ చప్పట్లు మర్చిపోనని చెప్పు.

మేజోళ్లు నా దగ్గరే ఉన్నాయి. వేడి గిన్నెలకి వేరే గుడ్డ చూసుకో.

ఇంకొక్కటి. ఆ ఏడు నువ్వు పంపిన జామ్ మార్చి దాకా వచ్చింది. రోజూ పొద్దున రొట్టె మీద రాసుకుని, ఇవోన్ ఎందుకు రాలేదా అనుకుంటూ తిన్నాను. చాలా బాగుందని నీకు ఉత్తరం కూడా రాశాను.

ఫెర్నాండ్